32 కేబీలో కోటప్పకొండ ప్రభ

మా పెదనాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద దేశంలో కొన్ని బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. వాళ్ల బడికీ ఒకటి వచ్చిందట. దాని మీద ఆయన కోటప్పకొండ తిరునాళ్ల ప్రభని, వెలిగి ఆరే బల్బులతో సహా, బేసిక్‌లో గీశారు. మెషిన్ ఎప్పుడో పోయింది, నోట్‌బుక్ మిగిలింది. ఆయనకి చూపు మందగిస్తోంది. అందుకే ఈ శివరాత్రికే రాస్ప్‌బెర్రీ పై మీద చూపిస్తానని మాటిచ్చేశా.

నాకు తగిలిన ఎర్రర్లు మీకూ తగలొచ్చు, అందుకని రాస్తున్నా.

మొదటిది, ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్. నేను దించుకున్న ఎమ్యులేటర్ ల్యాప్‌టాప్‌ల ఎక్స్86 ప్రాసెసర్ కోసం చేసింది. పైలో ఉండేది ఏఆర్ఎమ్. (దాన్ని మొదట డిజైన్ చేసింది బీబీసీ మైక్రో చేసిన ఏకార్న్ కంపెనీయే!)

సరే అని 64 బిట్ ఏఆర్ఎమ్ ఫైల్ తెచ్చా. ఈసారి "అలాంటి ఫైల్ లేదు" అంది. ఫైల్ కళ్ల ముందే ఉంది! ఇక్కడే ఒక రాత్రి పోయింది. యూనేమ్ కమాండ్ 64 బిట్ అనే చెబుతుంది, కానీ అది కెర్నల్ సంగతి మాత్రమే. మిగతా సిస్టమ్ 32 బిట్ అయితే ఆ ఫైల్‌ని నడిపే లోడర్ ఉండదు. లేదన్నది ఆ లోడర్‌ని. డీపీకేజీని ఆర్కిటెక్చర్ అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. చివరికి సోర్స్ కోడ్ తెచ్చి పై మీదే కంపైల్ చేశా.

ఎమ్యులేటర్ లేచింది. ప్రోగ్రామ్ టైప్ చేసి, డిస్క్‌లో సేవ్ చేసి రన్ కొడితే పదో లైన్లోనే "బ్యాడ్ మోడ్". ఇది పై తప్పు కాదు, పాత మెషిన్ స్వభావం. మెమరీ మొత్తం 32 కేబీ. మోడ్ 2లో స్క్రీనే 20 కేబీ తినేస్తుంది. మోడ్ మారుద్దామంటే, మెరిసే రంగులు ఎనిమిదీ అందులోనే ఉన్నాయి. డిస్క్ ఉంటే ప్రోగ్రామ్ 6400వ బైట్ నుంచి మొదలవుతుంది, స్క్రీన్ 12288 నుంచి. మధ్యలో మిగిలేది 5888 బైట్లు. పెదనాన్న బడిలో వాడింది క్యాసెట్, అప్పుడు మొదలు 3584. అంటే 8704 బైట్లు. కాబట్టి ప్రోగ్రామ్ లోడ్ చేసి, స్టార్ టేప్ కొట్టి, ఒక ఫర్ లూప్‌తో కిందికి జరిపి, పేజ్ 3584 చేసి, ఓల్డ్, ఆ తర్వాత రన్.

ప్రభ వెలిగింది. పెదనాన్న టీవీకి జానెడు దూరంలో నిలబడి చూశారు.

"ఒరేయ్, రెండో వరస 14 కదరా, 9 కొట్టావు. అందుకే లైట్లు పరిగెత్తట్లా."

9 ఎరుపైనప్పుడు 14 నీలి ఆకుపచ్చ, మళ్లీ అటూ ఇటూ. నోట్‌బుక్ తీసి చూస్తే 14 అనే ఉంది.