స్క్రిప్టుకి ఏం కావాలి? అది ఎవరి దగ్గర ఉంది?

టీమ్ ప్రాజెక్టు మొదలుపెడితే రిపోలో అసలు కోడ్‌తో పాటు కొన్ని చిన్న స్క్రిప్టులు కూడా చేరతాయి. ఒకటి పాత బిల్డ్ ఫోల్డర్‌ని తుడిచేస్తుంది, ఇంకోటి శాంపిల్ డేటా నింపుతుంది, మరొకటి టెస్టులన్నీ వరసగా నడుపుతుంది. మార్కులు తెచ్చే కోడ్ కాదు కాబట్టి వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట రన్ చేసేది వీటినే. అవి తమ ల్యాప్‌టాప్‌లో ఆగిపోతే, చాలామంది "నాకే సరిగ్గా రావట్లేదేమో" అనుకుని మెల్లగా పక్కకి తప్పుకుంటారు. అందుకే స్క్రిప్టు దేనిమీద ఆధారపడాలో కాస్త ఆలోచించి ఎంచుకోవాలి.

కనిపించని డిపెండెన్సీలు

డిపెండెన్సీ అనగానే మనకి ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీలే గుర్తొస్తాయి. కానీ "ఇది ఎలాగూ మెషిన్‌లో ఉంటుందిలే" అని మనం వదిలేసే ప్రతిదీ డిపెండెన్సీయే.

బాష్ సంగతే చూడండి. ఇప్పటి ఉబుంటులో ఉండేది బాష్ 5. మ్యాక్‌తో పాటు వచ్చేది 3.2. బాష్ 4.0 నుంచి లైసెన్సు జీపీఎల్ 3కి మారింది, ఆపిల్ ఆ మెట్టు ఎక్కలేదు. అసోసియేటివ్ అర్రేలు 4.0లోనే వచ్చాయి. కాబట్టి అవి వాడిన స్క్రిప్టు లినక్స్‌లో చక్కగా నడిచి, మ్యాక్‌లో ఎర్రర్ ఇస్తుంది. పోనీ బాష్ వద్దు, ఎస్‌హెచ్ చాలు అనుకుందామా? ఉబుంటులో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే డాష్. బాష్‌లో వాడే జంట చదరపు బ్రాకెట్లు దానికి అర్థం కావు.

సెడ్‌ది ఇంకో తమాషా. ఫైల్‌ని అక్కడికక్కడే మార్చే హైఫన్-ఐ ఆప్షన్ తర్వాత బ్యాకప్ ఫైల్ పేరు చివర చేర్చాల్సిన ముక్కని ఇవ్వడం లినక్స్‌లో మన ఇష్టం, మ్యాక్‌లో తప్పనిసరి. ఇవ్వకపోతే మ్యాక్ మన సెడ్ కమాండ్‌నే ఆ ముక్క అనుకుంటుంది!

ఎన్‌పీఎం స్క్రిప్టులు లినక్స్, మ్యాక్‌లలో ఎస్‌హెచ్ ద్వారా నడుస్తాయి, విండోస్‌లో మామూలుగా సీఎండీ ద్వారా నడుస్తాయి. సీఎండీకి ఆర్‌ఎం అనే కమాండే తెలీదు.

కనిపించే డిపెండెన్సీలు

సరే, అన్నిటికీ ప్యాకేజీ తెచ్చుకుంటే పోలా? ఫోల్డర్ తుడవడానికి చాలా ప్రాజెక్టుల్లో రిమ్‌రాఫ్ కనిపిస్తుంది. ఒకప్పుడు అది అవసరమే. కానీ నోడ్ 14.14 నుంచి ఆ పని చేసే ఆర్‌ఎం ఫంక్షన్ నోడ్‌లోనే ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దాన్ని నేరుగా ఎప్పుడూ చూడని ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. స్ట్రింగ్‌కి ఎడమవైపు ఖాళీలో, వేరే అక్షరాలో చేర్చడం తప్ప అది చేసేదేమీ లేదు. మరుసటి ఏడాదే ఆ సదుపాయం జావాస్క్రిప్టు భాషలోకే వచ్చేసింది.

అలాగని ప్యాకేజీలే వద్దనుకోవడమూ సరికాదు. విండోస్‌లో ఇంకో ప్రోగ్రామ్‌ని నడిపేటప్పుడు ఆర్గ్యుమెంట్లలోని కొటేషన్లు, స్పేసులు సరిగ్గా పంపడం నిజంగా చిక్కు పని. క్రాస్-స్పాన్ లాంటి ప్యాకేజీ ఆ చిక్కులన్నీ తెలిసి రాసింది. మనం రాస్తే తప్పు రాసే అవకాశం ఎక్కువ ఉన్నచోట ప్యాకేజీ తెచ్చుకోవడమే మేలు.

ఎంచుకునే వరస

1. ప్రాజెక్టు నడవడానికి ఎలాగూ కావలసిన భాషలోనే స్క్రిప్టు రాయండి. నోడ్ ప్రాజెక్టుకి నోడ్, పైథాన్ ప్రాజెక్టుకి పైథాన్. కొత్తగా ఇన్‌స్టాల్ చేసే పని ఎవరికీ ఉండదు.

2. ముందు స్టాండర్డ్ లైబ్రరీ వెతకండి. పైథాన్‌లో పాత్‌లకి పాత్‌లిబ్, కాపీకి, డిలీట్‌కి ఎస్‌హెచ్‌యుటిల్, వేరే ప్రోగ్రామ్ నడపడానికి సబ్‌ప్రాసెస్ ఉన్నాయి. సబ్‌ప్రాసెస్‌కి కమాండ్‌ని ఒకే స్ట్రింగ్‌గా కాకుండా లిస్టుగా ఇస్తే షెల్ గొడవ చాలావరకు తప్పుతుంది.

3. అప్పటికీ చాలకపోతేనే ప్యాకేజీ. తెచ్చే ముందు మూడు ప్రశ్నలు: తనతో ఇంకెన్నిటిని లాక్కొస్తుంది? దాని టెస్టులు విండోస్‌లో కూడా నడుస్తున్నాయా? ఇన్‌స్టాల్ చేయడానికి సీ కంపైలర్ అడుగుతుందా? మూడోదానికి జవాబు "అవును" అయితే బాగా ఆలోచించండి. విండోస్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

4. తెచ్చిన ప్యాకేజీల వెర్షన్లని లాక్ ఫైల్‌లో ఉంచి, దాన్ని కూడా కమిట్ చేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు

షెల్ స్క్రిప్టు తప్పదంటే, గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో వాటికి ఎల్‌ఎఫ్ లైన్ ఎండింగ్ అని రాసిపెట్టండి. లేకపోతే విండోస్‌లో గిట్ వాటిని సీఆర్ఎల్ఎఫ్‌గా మార్చేయవచ్చు. అప్పుడు డాకర్‌లోకి వెళ్లాక, కళ్లెదుట ఉన్న బాష్‌నే లేదంటుంది.

స్క్రిప్టు మొదట్లోనే కావలసిన వెర్షన్ ఉందో లేదో చూసి, లేకపోతే ఏం చేయాలో ఒక్క వాక్యంలో చెప్పండి. మ్యాక్, లినక్స్‌లలో పైథాన్3 అని కొట్టేవాళ్లు విండోస్‌లో పీవై అని కొట్టాల్సి రావచ్చు. రీడ్‌మీలో రెండూ రాయండి.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో పబ్లిక్ రిపోలకి లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా ఉచితంగా టెస్ట్ చేసుకోవచ్చు. అది ఇప్పుడే కుదరకపోతే, మీకంటే వేరే ఓఎస్ వాడే ఫ్రెండ్‌ని రిపో కొత్తగా క్లోన్ చేసి, మీ సాయం లేకుండా రన్ చేయమనండి. మిమ్మల్ని ఎక్కడ పిలిస్తే, అక్కడ మీ స్క్రిప్టులో ఒక కనిపించని డిపెండెన్సీ ఉన్నట్టు. దాన్ని తీసేయండి, లేదా రీడ్‌మీలోకి ఎక్కించండి.