మీ విస్తరీ వేసుకోండి

నాలుగేళ్ల కిందట కనుమ మర్నాడు మా పెద్దమ్మ ఆటో ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది. "మూడు రోజులున్నానే. నీ పక్కన కూర్చుని ఒక్క ముద్ద తినలేదు" అంది. కోపంగా కాదు, చిన్నబుచ్చుకుని. ఆ మూడు రోజులూ పద్నాలుగు మందికి పూటపూటా వడ్డించాను. సంక్రాంతి నాడైతే తొమ్మిది రకాలు చేశాను. అందరూ మెచ్చుకున్నారు. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో మాత్రం అడగలేదు. ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, నా చెవులేమో కుక్కర్ కూతల మీద ఉన్నాయి.

అప్పటినుంచి పండగ ఏర్పాట్లకు నాది ఒకటే కొలత. అందరి విస్తళ్లతోపాటు నా విస్తరీ పడిందా లేదా? పడితే ఏర్పాటు కుదిరినట్టు. పడలేదంటే ముందు రోజుల్లో ఎక్కడో లెక్క తప్పాను. అరిసెలు ఇప్పుడు వీధి చివర కొట్లోనూ దొరుకుతాయి. ఆ రద్దీలో బస్సులూ రైళ్లూ పట్టుకుని చుట్టాలు వచ్చేది మన కోసం.

ముందు రోజులు లెక్కపెట్టుకోండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. భోగికి వచ్చినవాళ్లు ముక్కనుమ దాకా ఉంటారనే అనుకోండి. అంటే టిఫిన్లు కాక ఏడెనిమిది భోజనాలు. ఒక్కపూట విందుకు తయారైనట్టు తయారైతే రెండో రోజుకే నడుం పడిపోతుంది.

జనవరి మొదటి ఆదివారం కాగితం, కలం తీసుకుని కూర్చోండి. ఎవరొస్తున్నారు, ఎన్ని పూటలుంటారు, ఎవరికి ఏది పడదు. తెలియకపోతే ఫోన్ చేసి అడిగేయండి. ఇక్కడే మనకు మొహమాటం అడ్డొస్తుంది. ఏం తింటారని అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటాం. బాబాయిగారు ఇన్సులిన్ ఎన్నింటికి వేసుకుంటారో ముందే తెలిస్తే, మిగతావాళ్ల భోజనాలు రెండింటికైనా ఆయన కంచం పన్నెండున్నరకే పెట్టొచ్చు. తెలియకపోతే ఆయనా మొహమాటానికి పోయి, సూది వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చుంటారు. అది ప్రమాదం. ఒక్క ఫోన్‌తో తప్పిపోతుంది.

తర్వాత వంటల పట్టీలో సగం కొట్టేయండి. ఇది చాలా కష్టం, నాకు తెలుసు. తగ్గిస్తే మర్యాద తగ్గుతుందేమోనని భయం. పూటకు ఆ రోజుకు చెందిన రెండు వంటలు చాలు. సంక్రాంతికి గుమ్మడికాయ పులుసూ పరమాన్నం, కనుమకు గారెలూ కోడికూర. మిగతాదంతా రోజూ తినే పప్పు, పచ్చడి, పెరుగు. ఆ తొమ్మిది రకాల్లో నా పట్టుదలే ఎక్కువ. తిన్నవాళ్లకు వాటితోపాటు అలిసిపోయిన నా ముఖం కూడా వడ్డించాను.

ముందే అయ్యే పని ముందే అవ్వాలి. పులిహోరకు చింతపండు గుజ్జు నూనెలో దగ్గరపడేదాకా ఉడికించి సీసాకెత్తితే వారం ఉంటుంది. పండగనాడు అన్నం వార్చి తాలింపు వేసి కలపడమే. జంతికలు, చెక్కలు పది రోజుల ముందే చేసుకోవచ్చు. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టండి, వేడి మీద పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. గారెల పప్పు నాలుగు గంటలు నానితే చాలు. అది ఏ వేళకు నానబెట్టాలో ఫోన్లో అలారం పెట్టుకోండి. రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఫ్రిజ్‌లో పాత సీసాలన్నీ తీసేసి ఒక అర పూర్తిగా ఖాళీ చేయండి, దాని అవసరం మొదటి రాత్రికే తెలుస్తుంది. మిగిలిన కూరలూ అన్నం రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. అందరూ కబుర్లలో పడతారు కాబట్టి ఆ బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించండి.

అప్పగించడం అన్నాను కదా, అసలు సంగతి అదే. మనకు పని చేయడం వచ్చు, పని చెప్పడం రాదు.

అరిసెలనే చూడండి. బియ్యం ఒక రోజంతా నానాలి. వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. జల్లించిన పిండిని ఆరిపోకుండా గిన్నెలో అదిమి, గుడ్డ కప్పి ఉంచాలి. ఇంతవరకు ఒక్కరే చేయొచ్చు. బెల్లం పొయ్యెక్కాక ఒక్కరి వల్ల కాదు. మా అమ్మ పళ్లెంలో నీళ్లు పోసుకుని పాకం చుక్క అందులో వేస్తుంది. వేళ్లతో దగ్గరికి తీస్తే జారిపోయిందా, ఇంకా కాలేదు. మళ్లీ వేస్తుంది. ఈసారి మెత్తగా ఉండ కడుతుంది. "దించు!" అంటుంది. ఇక అక్కణ్ణుంచి క్షణం ఆగకూడదు, పాకం ముదిరిపోతుంది. ఒకరు పిండి పోస్తూ ఉండాలి, ఇంకొకరు తెడ్డుతో ఉండ కట్టకుండా తిప్పాలి. తర్వాత ఒకరు చలిమిడి తట్టి నూనెలో వేస్తే, మరొకరు తీసినదాన్ని అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. తెలంగాణలో సకినాలూ అంతే. పరిచిన గుడ్డ చుట్టూ నలుగురు కూర్చుని వేళ్లతో చుట్లు తిప్పుతుంటేనే పని తెములుతుంది. మన పండగ వంటలు నలుగురి చేతులకోసమే పుట్టాయి. వాటిని ఒక్కరి నెత్తిన పెట్టుకున్నది ఈమధ్యే.

అందుకే "కాస్త సాయం చేయండి" అని గాల్లోకి అనకండి. ఆ మాట ఎవరికీ తగలదు. పేరు పెట్టి, పని పెట్టి, వేళ పెట్టి చెప్పండి. "బావగారూ, పన్నెండింటికి విస్తళ్లు, మంచినీళ్లు మీవి." "చిన్నీ, తాతయ్య మందుల డబ్బా నీ దగ్గర." చెప్పాక ఆ పని వాళ్ల పద్ధతిలోనే చేయనివ్వండి. విస్తరి వంకరగా పడితే పడనివ్వండి. వెనకే వెళ్లి సర్దారంటే మరుసటి పూట వాళ్లు లేవరు. మగవాళ్లకు పని చెప్పడానికి జంకుతున్నారేమో, చెప్పి చూడండి. మా మరిది మొదటి ఏడు కొబ్బరికాయ కొట్టడం దగ్గరే ఆగాడు. ఇప్పుడు కనుమనాడు గారెల మూకుడు ఆయనదే. మూకుడులో నూనె సగానికి మించకూడదనీ, అంటుకుంటే నీళ్లు చల్లకూడదనీ, స్టవ్ కట్టేసి మూత పెట్టాలనీ మాత్రం ముందే చెప్పి ఉంచాం.

ఇల్లు సర్దడం గురించి ఎక్కువ చెప్పను. పరదాలు మార్చకపోయినా పండగ ఆగదు. దుప్పట్లు, బొంతలు రెండు రోజులు ఎండలో వేయండి, జనవరి చలికి అవి కావాలి. పెద్దవాళ్ల పడక బాత్రూమ్‌కి దగ్గరగా వేయండి. దారిలో రాత్రంతా చిన్న దీపం వెలగాలి, లోపల నేల తడిగా ఉండకూడదు, పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. బాత్రూమ్‌లో ఒక స్టూలు వేయండి. ఇంతమంది తిరిగే ఇంట్లో పెద్దవాళ్లు జారిపడితే పండగంతా ఆసుపత్రిలోనే గడుస్తుంది.

వెళ్లేవాళ్లకు ఇచ్చే పిండివంటలు కనుమ రాత్రే డబ్బాల్లో సర్ది, పేర్లు రాసి, గుమ్మం పక్కన పెట్టేయండి. లేకపోతే ఆటో హారన్ కొడుతుంటే మనం వంటింట్లో మూతలు వెతుకుతూ ఉంటాం. పోయినేడు అలాగే సర్దేశాను. పెద్దమ్మ ఆటో రావడానికి అరగంట ముందే చీర మార్చుకుని అరుగు మీదకొచ్చి కూర్చుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. కుడికాలు ఫరవాలేదట. ఎడమదే మెట్లెక్కేటప్పుడు పట్టేస్తోందట, తెల్లవారుజామున మరీను.