విటమిన్ 'డి' రక్తపరీక్ష : 'క్రియాశీల రూపం' కొలిస్తే లోపం తెలుస్తుందా?

ఎముకల నొప్పులు, నడుము నొప్పి, నిస్సత్తువ అంటూ నా వద్దకు వచ్చేవారిలో చాలామంది ఇప్పుడు రక్తపరీక్షల కాగితాలు వెంట తెచ్చుకుంటున్నారు. అది మంచి అలవాటే. అయితే విటమిన్ 'డి' విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఈ ఒక్క విటమిన్ పేరుతో ప్రయోగశాలలలో రెండు వేర్వేరు పరీక్షలు జరుగుతాయి. ఒకటి '25 హైడ్రాక్సీ విటమిన్ డి'. రెండవది '1,25 డైహైడ్రాక్సీ విటమిన్ డి'. ఈ రెండవదానినే క్రియాశీల రూపమని, క్యాల్సిట్రియాల్ అని వ్యవహరిస్తారు. శరీరంలో నిజంగా పనిచేసేది అదే కనుక దానిని కొలవడమే ఉత్తమమని చదువుకున్నవారు సైతం భావిస్తున్నారు. ఖరీదు కూడా దానికే ఎక్కువ కావడంతో ఆ నమ్మకం మరింత బలపడుతున్నది. కాని లోపం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఆ పరీక్ష పనికిరాదు. ఎందువలననో పాఠకులు కొంచెం ఓపికగా గ్రహించవలెను.

సూర్యకిరణాలలోని అతినీలలోహిత భాగం చర్మానికి సోకినప్పుడు అక్కడి కొవ్వు పదార్థం ఒకటి మార్పుచెంది విటమిన్ 'డి' తయారవుతుంది. అది ఆ రూపంలో ఏ పనీ చేయదు. రక్తం ద్వారా కాలేయానికి చేరి 25 హైడ్రాక్సీ రూపం పొందుతుంది. ఇది నిల్వ రూపం. రక్తంలో దీని మోతాదు సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇందులో కొద్ది భాగాన్ని మాత్రమే మూత్రపిండాలు అవసరాన్ని బట్టి క్రియాశీల రూపంగా మారుస్తాయి. ఈ మార్పు జరిగే చోటు మూత్రపిండమేనని 1970లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ పదార్థపు నిర్మాణం 1971లో తెలియవచ్చినది. క్రియాశీల రూపం రక్తంలో నిలిచేది కొన్ని గంటలు మాత్రమే.

అన్నరసం ఒక్కొక్క ధాతువుగా పరిపాకం చెందే క్రమాన్ని గురుకులంలో వల్లెవేసిన నాకు, ఈ అంచెలంచెల మార్పును చదివినప్పుడు ఆనందం కలిగిన మాట నిజం. అంతమాత్రాన రెండూ ఒకటేనని నేను చెప్పను. సంహితలలో అస్థిధాతువు ఉన్నది, అస్థిక్షయ లక్షణాలున్నవి, తిక్తద్రవ్యాలతో కాచిన పాలతోను నేతితోను చేసే చికిత్స ఉన్నది. విటమిన్ 'డి' లేదు. లేనిదానిని ఉన్నదనడం శాస్త్రానికి గౌరవం కాదు.

ఇక అసలు విషయం. ఒక రైతు ఇంట గాదెలో ధాన్యం అడుగంటుతున్నది. అయినా ఇల్లాలు ఉన్నదానినే జాగ్రత్తగా దంపించి, వేళకు వండి, విస్తరిలో అన్నం లోటు రానీయదు. ఆ ఇంట భోజనం చేసి వెళ్లిన అతిథికి గాదె సంగతి తెలుస్తుందా? మన శరీరంలోనూ ఇదే జరుగుతున్నది. నిల్వ తగ్గి రక్తంలో కాల్షియం తగ్గజూడగానే, కంఠంలో థైరాయిడ్ వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు తమ స్రావాన్ని పెంచుతాయి. ఆ స్రావం మూత్రపిండాలను తొందరపెట్టి, మిగిలిన కొద్ది నిల్వనే ఎక్కువెక్కువగా క్రియాశీల రూపంలోకి మార్పిస్తుంది. ఎముకలలోని కాల్షియాన్ని కూడా బయటకు లాగుతుంది. అందుచేత లోపం ఉన్నవారిలో క్రియాశీల రూపం మామూలుగానే కనబడవచ్చు, కొందరిలో హెచ్చుగా కూడా ఉండవచ్చు. గాదె దాదాపు ఖాళీ అయిన తరువాతనే అది తగ్గుతుంది. అప్పటికి ఎముకలు మెత్తబడి ఉంటాయి.

ఇటువంటి సందర్భం ఒకటి నా అనుభవంలో ఉన్నది. నలభై దాటిన ఒక గృహిణి రెండేళ్లుగా తుంటి, పిక్కల ముందరి ఎముకల నొప్పితో బాధపడుతూ వచ్చినది. పీట మీద కూర్చుంటే చేతి ఆసరా లేక లేవలేదు. నడక బాతు నడకవలె ఊగుతున్నది. వెంట తెచ్చిన కాగితంలో క్రియాశీల విటమిన్ 'డి' హద్దులలోనే ఉన్నది. అందువలన 'డి' లోపం కాదని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకుని, వాతనొప్పులకు తైలం కోసం నా వద్దకు తీసుకొనివచ్చారు. ముంగాలి ఎముకను వ్రేలితో నొక్కగానే ఆమె కెవ్వుమన్నది. 25 హైడ్రాక్సీ పరీక్షతోపాటు కాల్షియం, భాస్వరం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోను చూపించమన్నాను. నిల్వ మిల్లీలీటరుకు 6 నానోగ్రాములు మాత్రమే. చివరి రెండూ బాగా పెరిగి ఉన్నవి. ఎముకలు మెత్తబడే వ్యాధి అని నిర్ధారణ అయినది. ఆధునిక వైద్యుని వద్దకు పంపి విటమిన్ 'డి', కాల్షియం ఇప్పించాను. గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం కూడా సాగినది. దానివలన ఆమెకు హాయి కలిగినది కాని, ఎముకను బాగుచేసినది విటమినే. మూడు మాసాలకు ఆసరా లేకుండా పీట మీద నుండి లేచినది.

కనుక మీ వైద్యుడు విటమిన్ 'డి' పరీక్ష వ్రాసినప్పుడు కాగితం మీద '25 హైడ్రాక్సీ' అన్న మాట ఉన్నదో లేదో చూడండి. కొలమానం చూసినా తేడా తెలుస్తుంది. నిల్వ రూపాన్ని సాధారణంగా నానోగ్రాములలో, క్రియాశీల రూపాన్ని పికోగ్రాములలో చెబుతారు. పికోగ్రామంటే నానోగ్రాములో వెయ్యవ వంతు. కొన్నిచోట్ల నిల్వను నానోమోలులలో ఇస్తారు. ఆ అంకెను రెండున్నరతో భాగించి చూసుకోవలెను.

ఎంత ఉండవలెనన్న దానిపై పెద్దలలో ఏకాభిప్రాయం లేదు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములుంటే ఎక్కువమందికి చాలునని అమెరికా వైద్య సంస్థ 2010లో తేల్చినది. 30 ఉండవలెనని అక్కడి ఎండోక్రైన్ సొసైటీ 2011లో చెప్పి, 2024లో ఆ హద్దును తానే విడిచిపెట్టినది. ఆరోగ్యవంతులకు ఊరికే ఈ పరీక్ష చేయించవద్దని కూడా అప్పుడే సూచించినది. నాకది సబబుగా తోచినది. 12 కంటే తక్కువైతే మాత్రం ఉపేక్షించరాదు.

క్రియాశీల రూపపు పరీక్ష నిరుపయోగమని కాదు. దాని స్థానం వేరు. రక్తంలో కాల్షియం కారణం తెలియకుండా పెరిగినప్పుడు అది అవసరమవుతుంది. సార్కాయిడోసిస్, క్షయ వంటి వ్యాధులలో మూత్రపిండాల ప్రమేయం లేకుండానే రోగగ్రస్తమైన కణజాలం ఆ రూపాన్ని అదుపు లేకుండా తయారుచేయవచ్చు. అట్టివారికి విటమిన్ 'డి' మాత్రలు హాని చేస్తాయి. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని రకాల రికెట్స్ వ్యాధిలోను, మూత్రపిండాలు చెడినవారిలో కొందరికిని ఇది కావలసివస్తుంది. ఆ నిర్ణయం నిపుణులది.

మనది ఎండల దేశం కదా, ఈ లోపమెక్కడిదని అడుగుతారు. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు పల్లెవారిలోను, పట్టణవాసులలోను చూడగా, పట్టణాలలో ఎక్కువగాను, పొలంపని చేసే పల్లెలలో సైతం తగినంతగాను లోపం కనబడినది. అక్కడ చర్మంలో ఈ విటమిన్ బాగా తయారయ్యేది పగలు 11 నుండి 2 గంటల మధ్యనని కూడా వారు తేల్చారు. ఉదయపు లేత ఎండ మనసుకు హితమేగాని, ఈ పనికి చాలదు. అద్దాల కిటికీలోంచి పడే ఎండ అసలే పనికిరాదు. అలాగని వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబడవద్దు. చలికాలంలో ముఖం, చేతులు, కాళ్లపై కొంతసేపు సోకనివ్వవచ్చు. రాగులు, నువ్వులు, శంఖభస్మం కాల్షియాన్ని ఇస్తాయి, విటమిన్ 'డి'ని ఇవ్వవు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోరాదు.

చివరిగా ఒక హెచ్చరిక. లోపం తేలినవారికి 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి చొప్పున కొన్ని వారాలపాటు వ్రాస్తారు. దానిని రోజూ పాలలో కలుపుకుని త్రాగినవారు ఉన్నారు. అలా నిల్వ 150 నానోగ్రాములు దాటితే కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, అతిమూత్రం, మతిభ్రమ కలిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చికిత్స మొదలుపెట్టిన మూడు మాసాలకు వైద్యుడు తిరిగి చూడమంటే అదే ప్రయోగశాలలో, అదే 25 హైడ్రాక్సీ పరీక్షనే చేయించండి. దానికి పరగడుపున ఉండవలసిన పనిలేదు.