గాలం కంటే ముందు చెరువు తెలియాలి

డాలస్ చుట్టుపక్కల బాస్ చేపల వేట మొదలుపెట్టాలనుకునే మన పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "అంకుల్, ఏ రాడ్ కొనమంటారు?" ఆ ప్రశ్నకి జవాబు నాలుగో అంకె దగ్గర ఉంది. దానికంటే ముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి కనకే దాన్ని అంత వెనక్కి నెట్టాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ శనివారాలు, రిటైరయ్యాక జనం తక్కువుండే పనిదినాలు నేను ఎక్కువగా గడిపింది తూర్పు టెక్సస్ లేకుల మీదే. అక్కడ నాకు తెలిసొచ్చిన సంగతులివి.

1. ఏదో ఒక్క చెరువుని పట్టుకోండి. వారానికో లేక్ తిరిగేవాళ్ళు దేన్నీ సరిగ్గా ఎరగరు. మీ కాలనీ వెనకున్న కుంటైనా పరవాలేదు, అన్ని కాలాల్లోనూ దాని దగ్గరికే వెళ్ళండి. పొద్దున ఎండ ఏ ఒడ్డున ముందు పడుతుంది, దక్షిణపు గాలి నాచుని ఎటు నెడుతుంది, లోతు ఎక్కడ ఉన్నట్టుండి పెరుగుతుంది, గులకరాయి అడుగు ఎక్కడ ఆగి బురద ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ మీకు నోటికి రావాలి. వానల్లేక నీటిమట్టం పడిపోయిన ఏడాది రాడ్ ఇంట్లో పెట్టి, ఫోన్ పట్టుకుని ఒడ్డంతా నడవండి. మామూలుగా నీటి కింద ఉండే మొద్దులు, గుంతలు, రాళ్ళ కుప్పలు అప్పుడు బయటపడతాయి. ఫొటోలు తీసి దాచుకోండి. టెక్సస్‌లో లేకులు దాదాపు అన్నీ మనుషులు ఆనకట్టలు కట్టి నింపినవే. అడుగున పాత వాగులు, మట్టి రోడ్లు, పశువుల కుంటల గట్లు మునిగి ఉన్నాయి. 1980లో నీళ్ళు నింపడం మొదలైన లేక్ ఫోర్క్‌లో చెట్లు చాలావరకు నరక్కుండా అలాగే వదిలేశారు. సుమారు 27 వేల ఎకరాల నీళ్ళలో చేప ఎక్కడుందో వెతకాలంటే దిక్కు తోచదు. పాత వాగు వంపు తిరిగి ఒడ్డుకి దగ్గరగా వచ్చే చోటు ఏదో తెలిస్తే మాత్రం వెతకాల్సింది ఆ కాస్త మేరే.

2. కొర్రమీను ఎరిగినవాళ్ళకి బాస్ కొత్త కాదు. నేను చెప్పేది లార్జ్‌మౌత్ బాస్ సంగతి. నోరు మూసుకున్నప్పుడు కూడా దాని పైదవడ కంటి వెనక దాకా వస్తుంది, గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. కొర్రమీనులాగే ఇదీ మాటు వేసి కొట్టే చేప. మొద్దు నీడలోనో, తూటికాడ పొద చివరో, బోటు డాక్ కిందో కదలకుండా నిలబడి, ముందు నుంచి పోయేదాన్ని ఒక్క ఉదుటున నోరు తెరిచి నీళ్ళతో సహా లాగేసుకుంటుంది. రెండూ పిల్లల్ని కాపలా కాస్తాయి. తేడాలూ ఉన్నాయి. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి బుడగ వదులుతుంది, దాంతో చోటు తెలిసిపోతుంది. బాస్ అలా రాదు. చోటు మీరే ఊహించాలి. ఎర వేసే ముందు ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ దాక్కోవాలంటే ఎక్కడ దాక్కుంటుంది, ఏ దిక్కుకి చూస్తుంటుంది? వేయాల్సింది దాని వెనక్కి కాదు, అది చూసే వైపుకి.

3. గోడ మీది క్యాలెండర్ కంటే నీటి వేడి నమ్మదగినది. పది డాలర్ల థర్మామీటర్ చాలు. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే బాస్ గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోట్లకి వస్తాయి. తూర్పు టెక్సస్‌లో అది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. మగచేప తోకతో అడుగుని ఊడ్చి పళ్ళెంలాంటి గూడు చేస్తుంది. గుడ్లు పెట్టి ఆడచేప వెళ్ళిపోయాక కాపలా ఉండేది మగదే. నిబంధనలు ఒప్పుకున్నా, గూటి మీదున్న చేప జోలికి నేను వెళ్ళను. దాన్ని పైకి తీసిన ఆ కాసేపట్లోనే బ్లూగిల్ అనే చిన్న చేపలు చేరి గుడ్లు తినేస్తాయి.

ఎండాకాలం గురించి ఒక అపోహ ఉంది. ఎండ ముదిరితే చేప అట్టడుగుకి పోతుందని అంటారు. నడివేసవిలో లోతైన లేకుల నీరు పొరలుగా విడిపోతుంది, అడుగున ఉండే చల్లని పొరలో ఆక్సిజన్ మిగలదు, చేప అక్కడ బతకలేదు. అందుకని వేకువనా సందెవేళా ఒడ్డున వెతకండి, మధ్యాహ్నం నీడలో గానీ, ఆ పొరకి పైన ఉన్న గట్ల మీద గానీ వెతకండి. అక్టోబరులో షాడ్ చేపపిల్లలు వాగు మొగల్లోకి గుంపులుగా వెళ్తాయి, వాటి వెనకే బాస్.

4. రాడ్లు రెండు చాలు. ఒకటి ఏడడుగుల మీడియం హెవీ బెయిట్‌కాస్టర్, దానికి 15 పౌన్ల ఫ్లోరోకార్బన్ లైన్. రెండోది మీడియం స్పిన్నింగ్ రాడ్, దానికి 10 పౌన్ల బ్రెయిడ్, చివర 8 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్. డబ్బు మిగిలితే ఖరీదైన రీల్ కొనకుండా లైన్ తరచుగా మార్చండి. చేప చేజారేది ఎక్కువగా పాత లైన్ వల్లే.

బెయిట్‌కాస్టర్ చూసి భయపడొద్దు. ఎర కట్టి, రాడ్ కొన పైకెత్తి, బటన్ నొక్కి వదలండి. ఎర మెల్లగా దిగి నేలని తాకగానే స్పూల్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే పక్కనున్న చిన్న నాబ్ బిగించాలి. మిగతాదంతా బొటనవేలి పని. విసిరినంతసేపూ వేలు స్పూల్ మీద తేలిగ్గా ఆనుకుని ఉండి, ఎర నీటిని తాకే క్షణానికి గట్టిగా నొక్కాలి. నొక్కకపోతే లోపల లైన్ చిక్కు పడుతుంది. పెరట్లో గాలాలు తీసేసిన ఎరతో రోజుకి పావుగంట సాధన చేసి, ఆ తర్వాతే నీళ్ళ దగ్గరికి వెళ్ళండి.

5. ఎరలు తక్కువ పెట్టుకోండి. షాపులో గోడలనిండా వేలాడేవి చూస్తే ఎవరికైనా మతిపోతుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ లేక్ ఫోర్క్‌లో పట్టిన 18.18 పౌన్ల బాస్ టెక్సస్ రాష్ట్ర రికార్డు. ఆయన ఆ రోజు వేసింది క్రాపీ చేపల కోసం గుచ్చిన చిన్న చేపపిల్లని.

ఒక్కటే నేర్చుకుంటానంటే, ప్లాస్టిక్ వానపాముని గాలానికి కట్టే టెక్సస్ రిగ్ నేర్చుకోండి. ప్లాస్టిక్ వానపాముని నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో తయారుచేశాడు. తర్వాత ఆయన కంపెనీ మన పక్కనే ఉన్న టైలర్‌కి వచ్చింది. కట్టే తీరు చెప్తాను, చేత్తో పట్టుకుని చదవండి. లైన్‌లోకి ముందు తూటా ఆకారం బరువు, మొన రాడ్ కొన వైపు ఉండేలా. తర్వాత వంపు మెడ ఉన్న గాలం. గాలం మొనని వానపాము తల మధ్యలో గుచ్చి, అర సెంటీమీటరు లోపలికి పోనిచ్చి పక్కనుంచి బయటికి తీయండి. గాలాన్ని కిందికి లాగి, దాని కన్ను తలలోకి మునిగేదాకా తెచ్చి, సగం చుట్టు తిప్పండి. ఇప్పుడు గాలాన్ని వానపాము పక్కన వేలాడనిచ్చి, వంపు ఎక్కడికి వస్తుందో అక్కడ గోటితో గుర్తు పెట్టి, సరిగ్గా అక్కడే మొనని గుచ్చండి. వానపాము తిన్నగా వేలాడాలి. ఏమాత్రం ముడుచుకున్నా నీళ్ళలో గిర్రున తిరిగి లైన్‌ని మెలిపెడుతుంది. చివరగా మొనని పైతోలులో సన్నగా దాచండి. ఇక మొద్దుల మధ్యకీ నాచులోకీ ధైర్యంగా వేయొచ్చు, చిక్కుకోదు.

దీనికి తోడు చేప జాడ తీయడానికి తిరిగే రేకులున్న స్పిన్నర్‌బెయిట్ ఒకటి, దట్టమైన నాచు మీద నడిపించడానికి ఒక రబ్బరు కప్ప. రంగుల మీద ఎక్కువ బుర్ర పెట్టకండి. తేట నీటికి ఆకుపచ్చ, బురద నీటికి నలుపు నీలం.

6. చేప కొట్టింది తెలుసుకోవడం, లాగడం. ప్లాస్టిక్ వానపాము అడుగుకి చేరేలోపే చాలా చేపలు అందుకుంటాయి. అది దిగేటప్పుడు చూపు లైన్ మీదుండాలి. చేతికి "టక్"మని తగలొచ్చు. చాలాసార్లు అదీ ఉండదు, లైన్ పక్కకి జరుగుతుంది, లేదా దిగుతున్నది మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు రాడ్ కొన కిందికి దించి, వదులుగా ఉన్న లైన్ చుట్టుకుని, బరువు తెలియగానే ఒక్క ఊపున లాగండి. కప్పతో మాత్రం దీనికి వ్యతిరేకం. నీళ్ళు భళ్ళున పగిలిన చప్పుడుకి ఎవరి చెయ్యైనా లేస్తుంది. లేవనీయకండి. చేప బరువు రాడ్ మీద పడేదాకా ఓపిక పట్టాలి.

7. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి రాపిడికి కాలి లైన్ బలం పోతుంది. పాలమార్ ముడి ఒక్కటి వస్తే చాలు.

8. ఏది వదలాలి, ఏది వండుకోవాలి. రే స్కాట్ 1972లో తను నడిపే బాస్ టోర్నమెంట్లలో చేపని చంపకుండా వదిలే పద్ధతి పెట్టాక అమెరికాలో బాస్ వేట తీరే మారింది. అది మంచి మార్పు. అయితే చిన్న బాస్‌ని ఇంటికి తెచ్చుకోవడం పాపమన్నట్టు మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపని తప్పక వదలాలి. అయిదింటి పరిమితిలో 24 దాటినది ఒక్కటే ఉంచుకోవచ్చు. 16 లోపువి కొన్ని తీస్తే మిగతావాటికి తిండి దొరికి పెరుగుతాయన్నదే ఆ నిబంధన వెనకున్న లెక్క. అలాంటి చిన్నవాటితో పులుసు పెట్టుకోండి, నిశ్చింతగా తినండి. ప్రతి లేక్‌కీ కొలత వేరు కాబట్టి వెళ్ళేముందు చూసుకోవాలి. క్యాడో లేక్‌లాంటి కొన్నిటికి పాదరసం హెచ్చరికలు కూడా ఉన్నాయి.

పెద్దదాన్ని మాత్రం వదిలేయండి. అంత పెరగడానికి దానికి ఏళ్ళు పట్టింది, గుడ్లు ఎక్కువ పెట్టేదీ అదే. చేతులు తడి చేసుకుని, ఒక చేత్తో కింది దవడ, రెండో చేత్తో పొట్ట పట్టుకుని అడ్డంగా ఎత్తండి. దవడ ఒక్కటే పట్టి నిలువుగా వేలాడదీస్తే ఆ బరువుకి దవడ దెబ్బతింటుంది. మీరు ఊపిరి బిగపట్టగలిగినంతసేపే దాన్ని బయట ఉంచండి. 13 పౌన్లు దాటితే, అదీ జనవరి నుంచి మార్చి లోపైతే, టెక్సస్‌లో పెద్ద బాస్‌ల నుంచి పిల్లల్ని పెంచే షేర్‌లంకర్ పథకం వాళ్ళకి ఫోన్ చేయండి. గుడ్ల కోసం టెక్సస్‌లోనే ఉన్న ఏథెన్స్ ఊరి హేచరీకి తీసుకెళ్తారు. ఆ పథకం 1986లో మార్క్ స్టీవెన్సన్ లేక్ ఫోర్క్‌లో పట్టి బతికించి ఇచ్చిన 17.67 పౌన్ల చేపతో మొదలైంది.

9. మెరుపు కనిపిస్తే రాడ్ కింద పెట్టి ఒడ్డుకి రండి. గ్రాఫైట్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది. బోటు ఇంజన్ నడిచేటప్పుడు లైఫ్ జాకెట్, మనిషి పడిపోతే ఇంజన్ ఆపే కిల్ స్విచ్ తాడు ఒంటి మీదుండాలి. పదిహేడేళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ తప్పనిసరి. టెక్సస్ స్టేట్ పార్కుల ఒడ్డున అదీ అక్కర్లేదు, పిల్లలతో మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. వాళ్ళకి ముందు బెండు కట్టి బ్లూగిల్ పట్టడం నేర్పండి. అదీ బాస్ కుటుంబానిదే, వెంటవెంటనే పడుతుంది.

10. ఈ చేపని ఇంకో నీటికి తరలించకండి. "మా ఊరి చెరువులో వదిలితే ఎలా ఉంటుందంకుల్?" అని అడిగినవాళ్ళున్నారు. వద్దు. జపాన్‌లో బాస్‌ని 1925లో తెచ్చి వదిలారు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌన్ల 4 ఔన్సుల ప్రపంచ రికార్డుని సమం చేసిన చేప 2009లో జపాన్‌లోని బివా సరస్సులోనే మనాబు కురితాకి పడింది. వేటగాడికి అది ఘనతే. కానీ అదే సరస్సులో ఈ చేప స్థానిక జాతుల్ని తినేస్తోందని, పట్టిన బాస్‌ని తిరిగి వదలడాన్నే అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం నిషేధించింది. మన చెరువులకి కొర్రమీను ఉంది, తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ఇక్కడి రబ్బరు కప్ప ఒకటి, 50 పౌన్ల బ్రెయిడ్ లైన్ ఒక చుట్ట పెట్టెలో పెట్టుకెళ్ళండి. తామరాకుల మధ్య ఆ కప్పని మెల్లగా నడిపిస్తే కొర్రమీను కూడా కొడుతుంది.