కౌమారమున మనోవ్యథ – దురభ్యాసములు

10 నుండి 19 ఏండ్ల వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారముగా పరిగణించుచున్నది. ఈ దశలో ఉద్వేగములు త్వరగా ప్రబలును. వానిని అదుపులో నుంచు మెదడు ముందుభాగము 25 ఏండ్ల ప్రాంతమున గాని పూర్ణవికాసము నొందదు. గుఱ్ఱములు పరుగిడుచున్నవి, సారథి యింకను బాలుడే.

అట్టి సమయమున దిగులు, భయము, అవమానము మనస్సును క్రుంగదీయగా, కొందరు తత్క్షణోపశమనమును వెదకుదురు. ఒకడు పొగత్రాగును, ఒకడు మద్యము ముట్టును, వేఱొకడు వాహనమును వెఱ్ఱివేగమున నడపును. పొగాకులోని నికోటిన్ క్షణకాలము ఊరట నిచ్చినట్లు తోచును. అలవాటుపడిన వానికి దాని ప్రభావము తగ్గగనే చిరాకు, ఆందోళన పుట్టును. వానిని అణచుటకు మరల పొగయే కావలసివచ్చును. మందనుకొన్నదే వ్యాధిని పెంచుచున్నది.

కావున తల్లిదండ్రులారా, దండించుటకు ముందు “నాయనా, నీ మనస్సులోని బాధ యేమి?” అని అడుగుడు, ఓపికతో వినుడు. చాలినంత నిద్ర, ఆటలు, సజ్జనసాంగత్యము మనస్సునకు బలము నిచ్చును. అయినను బాధ వారములతరబడి వీడనిచో వైద్యుని ఆశ్రయించుట లజ్జాకరము కాదు. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఫోను చేయవచ్చును.

దురభ్యాసమును మాన్పింపగోరువాడు దాని వెనుకనున్న వ్యథను ముందు చూడవలెను.