మహావీరాచార్యుని అంకెల హారము

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైన పండితుడు 'గణితసారసంగ్రహము' అను గ్రంథమును సంస్కృతమున రచించెను. వర్ధమాన మహావీరునకు నమస్కరించి గ్రంథము నారంభించి, లోకవ్యవహారములన్నిటికిని గణితము ఆధారమని చెప్పెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన దీనిని తెలుగు చేసెను. 1912లో మద్రాసున రంగాచార్యులుగారు మూలమును ఆంగ్లానువాదముతో ప్రకటించిరి.

అందలి గుణకారపు లెక్కలలో ఒకటి యిది: 2,79,94,681ని 441తో గుణింపవలెను. వచ్చు లబ్ధము 12345654321. అనగా 1,234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఎడమనుండి చదివినను, కుడినుండి చదివినను ఒక్కటే. ఇట్టి లబ్ధములను ఆచార్యుడు కంఠహారములతో పోల్చెను.

ఈ హారము ఎట్లు ఏర్పడినది? ఆరు ఒకట్లుగల 111111ను అదే సంఖ్యతో గుణించి చూడుడు. ఆరు వరుసలు, ఒక్కొక్క స్థానము ఎడమకు జరిగి, మెట్లవలె నిలుచును. నిలువుగా కూడినచో మొదటి స్థానమున ఒకటి, తరువాత రెండు, ఇట్లు ఆరువరకు పెరిగి, మరల ఒకటివరకు తగ్గును. ఏ స్థానమునను మొత్తము పదికి చేరదు గనుక చేతిలో మిగులు ఉండదు, హారము చెడదు. తొమ్మిది ఒకట్లవరకు ఇట్లే జరుగును. పది ఒకట్లయినచో నడుమ పది వచ్చి, మిగులు పక్కకు పోయి, హారము తెగిపోవును.

111111 అనగా 3, 7, 11, 13, 37ల లబ్ధము. ఇందు 3, 7లను గుణింప 21. దాని వర్గము 441. మిగిలిన మూడింటిని గుణింప 5,291; దాని వర్గమే 2,79,94,681. ఆచార్యుడిచ్చిన రెండు సంఖ్యలును వర్గములే!

ఇక వర్తకులకు పనికివచ్చు సంగతి. ఈ సంఖ్యలోని అంకెలను కూడినచో 36. కనుక ఇది 9చే భాగింపబడును. అంకెలు కూడి లెక్క సరిచూచుట చాలమందికి వాడుకయే. కాని పద్దు వ్రాయునపుడు 54 వేలకు బదులు 45 వేలు పడినదనుకొనుడు. తొమ్మిదివేలు తగ్గినవి, అంకెల మొత్తము మాత్రము 36గానే యున్నది! తారుమారైన అంకెలను ఈ పరీక్ష పట్టజాలదు.

దీనికి 11 పరీక్ష కలదు. కుడినుండి ఒకటవ, మూడవ, ఐదవ మొదలగు బేసి స్థానముల అంకెలను ఒకచోట, సరి స్థానముల అంకెలను మరొకచోట కూడవలెను. మన హారమున ఇటు 18, అటు 18, భేదము సున్న. కనుక సంఖ్య 11చే భాగింపబడును. అంకెలు తారుమారైన పద్దులో ఇటు 17, అటు 19 వచ్చును. తప్పు వెంటనే బయటపడును. 11చే భాగింపబడు ఏ సంఖ్యలోనైనను పక్కపక్కనున్న రెండు వేరు అంకెలు స్థానము మార్చుకొన్నచో ఈ భేదము మారక తప్పదు.

నెమిలి అంగడిలోనైనను, వేలూరు గిడ్డంగిలోనైనను, పద్దు మూయుటకు ముందు ఈ రెండు పరీక్షలును చేయుట మేలు. పిల్లలచేత ఆచార్యుని గుణకారమును కాగితముపై ఒకసారి చేయించినచో, హారముతోపాటు పరీక్షయు వారికి జ్ఞాపకముండును.