ఎర్తు ఉందా? - ఇంటి వైరింగులో ప్రాణం నిలిపే పాఠం



1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమలో నీటికి భయపడమని ఎవరికీ చెప్పనక్కర లేదు. కరెంటు సంగతి అలా కాదు. అది కంటికి కనపడదు, చప్పుడు చెయ్యదు. అందుకే దానితో మనకు చనువు ఎక్కువ.

మా నాన్న వైరింగు పనికి హెల్పరుగా వెళ్లేవారు. గోడలకు గాడి కొట్టడం, పైపులు వెయ్యడం, వైరు లాగడం ఆయన పని. బడి మొహం చూడలేదు. ప్రతి వేసవిలో ఎర్తు గుంటలో రెండు బిందెల నీళ్లు పోసేవారు. ఎందుకు నాన్నా అంటే "మేస్త్రి చెప్పాడురా" అనేవారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఫిజిక్సు చదివాక గాని ఆ రెండు బిందెల అర్థం మాకు తెలియలేదు.

మేము ఇంటర్ చదివేటప్పుడు పెరట్లో బాత్‌రూమ్ బల్బుకు మేమే ఒక వైరు లాగాం. వానాకాలంలో అది రాపిడికి చిరిగి దండెం తీగకు తగిలింది. అమ్మ తడి చీర ఆరెయ్యబోయి వెనక్కి విరుచుకు పడింది. దేవుడి దయ, బతికింది. "కొత్త ఎంసీబీ పెట్టించాం కదా, ఎందుకు పడలేదు?" అని నాన్న అడిగారు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమే ఆ జవాబు.

ఎంసీబీ ఎవరిని కాపాడుతుంది?

పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం గుర్తు చేసుకుందాం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంచెంసేపు పారితేనే ఊపిరికీ గుండెకూ ప్రమాదం.

బల్బుల లైనుకు పెట్టే ఎంసీబీ 6 ఆంపియర్లది. మనిషి ప్రాణం తీసే 0.23 ఆంపియర్లు దాని లెక్కలోకే రావు. ఒక పెద్ద బల్బు వెలిగిందనుకుంటుంది, అంతే. ఎంసీబీ గాని, పాత ఫ్యూజు గాని ఉన్నది వైరు కాలిపోకుండా, ఇల్లు అంటుకోకుండా చూడటానికి. మనిషికి కాపలా వేరే కావాలి.

ఉప్పునేల చేసే మేలు, కీడు

మొదటి కాపలా ఎర్తు. ఫ్రిజ్ లోపల ఫేజు వైరు తెగి ఇనుప బాడీకి తగిలిందనుకోండి. ఎర్తు బాగుంటే కరెంటు ఆ దారిన నేలలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తును వదిలేసి సులువుగా లెక్క వేద్దాం. మన ఎర్తు నిరోధం 10 ఓములైతే 23 ఆంపియర్లు పారుతుంది. 6 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంది, ఒక్కోసారి కొన్ని సెకన్లు ఆలస్యమైనా. అదే ఎర్తు తీగ జాయింటు తుప్పుపట్టి నిరోధం 100 ఓములైందనుకోండి. పారేది 2.3 ఆంపియర్లే. ఎంసీబీ పడదు. ఫ్రిజ్ బాడీలో కరెంటు నిలబడే ఉంటుంది, ముట్టుకునే చెయ్యి కోసం.

నాగాయలంక నుంచి సముద్రం దాకా మనది చెమ్మ నేల, ఉప్పు నేల. చెమ్మ, ఉప్పు ఉన్న మట్టి కరెంటును తేలిగ్గా పోనిస్తుంది. రాతి నేలలవారు బొగ్గు, ఉప్పు పోసి తెచ్చుకునే గుణం మనకు పుట్టుకతో ఉంది. కానీ ఆ ఉప్పే ఇనుప పైపును, తీగను, నట్టును తినేస్తుంది. మన నేల ఎర్తుకు చుట్టం, ఎర్తు పైపుకు శత్రువు. కాబట్టి 40 మిల్లీమీటర్ల జీఐ పైపు రెండున్నర మీటర్ల లోతున దించాం కదా అని ఊరుకోకూడదు. ఏడాదికోసారి పైపు తలకాయ దగ్గర జాయింటు విప్పించి, తుప్పు గీకించి, బిగించాలి. వైర్‌మన్ చేత ఎర్త్ టెస్టరుతో కొలిపించాలి.

రెండో కాపలా

దాని పేరు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, అంతమేర తేడా వచ్చేసరికి రెప్పపాటులో లైను కోసేస్తుంది. తేడా వచ్చిందంటే ఎవరి ఒంట్లోంచో, తడి గోడలోంచో నేలలోకి పోతోందని అర్థం. ఆ రోజు మా ఇంట్లో ఇది ఉంటే అమ్మ అలా పడేది కాదు.

దీనికీ హద్దుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకున్నవాడిని ఇది కాపాడలేదు. ఎంసీబీ చేసే పని కూడా చెయ్యదు. రెండూ ఉండాలి. దాని మీద 'టి' అనే బటను ఉంటుంది. నెలకోసారి నొక్కితే పడాలి. పడకపోతే మార్పించాలి.

వైరింగులో తప్పనిసరి మాటలు

1. స్విచ్చి ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి. న్యూట్రల్లో విడిగా ఫ్యూజు పెట్టకూడదు.
2. ఎరుపు, పసుపు, నీలం ఫేజులకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్తుకు. చేతిలో ఏ రంగు ఉంటే అది లాగితే రేపు రిపేరుకు వచ్చినవాడి ప్రాణం మీదికి వస్తుంది.
3. బల్బులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గుకు 2.5 వైరు వాడాలి. సన్నవైరుకు పెద్ద ఎంసీబీ పెడితే ఎంసీబీ పడేలోపు వైరు కాలుతుంది.
4. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్తు పిన్ను. అది ముందు తగలాలి, చివర ఊడాలి అనే అలా చేశారు. దాన్ని విరగ్గొట్టడం, సాకెట్లో వైర్లు పెట్టి అగ్గిపుల్లలు గుచ్చడం మనం హాస్టళ్లలో చేసే ఘనకార్యాలు. ఈ రెండూ ఈ రోజుతో మానేద్దాం.

చెరువు గట్టున

రొయ్యల చెరువుల్లో రాత్రింబవళ్లు ఏరేటర్లు తిరుగుతాయి. మోటారు, కేబులు, ఉప్పునీరు, చెప్పుల్లేని కాళ్లు - ప్రమాదానికి కావలసినవన్నీ ఒకచోటే ఉన్నాయి. మనలో చాలామంది అన్నలు, బాబాయిలు అక్కడే పనిచేస్తున్నారు. మెయిన్ కట్టెయ్యకుండా చెరువులో దిగవద్దని, గట్టు మీది బోర్డుకు ఆర్‌సీసీబీ, మోటారు బాడీకి ఎర్తు ఉన్నాయో లేదో చూసుకోమని వాళ్లకు చెప్పండి.

షాకు కొట్టినప్పుడు

ముందు మెయిన్ కట్టెయ్యాలి. వీలుకాకపోతే, ఇంటి కరెంటు అయితే, పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో విడదియ్యాలి. చేత్తో లాగితే ఇద్దరు పోతారు. స్తంభాల మీద తెగిన లైనైతే దగ్గరకే పోవద్దు, 1912కు చెప్పాలి. 108కి ఫోను చెయ్యాలి. మనిషికి ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి.

చివరిగా ఒక మాట

1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం, బల్బులు, ఫ్యూజులు మార్చడం వంటి చిన్న పనులు తప్ప వైరింగు పనిని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలోనే చెయ్యాలని చెప్పింది. 2010లోనూ 2023లోనూ వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలూ ఆ దారినే ఉన్నాయి. మా నాన్నకు ఆ కాగితం లేదు. పని మాత్రం ఎవరికీ తీసిపోదు. కాగితం లేనందువల్ల ఆయన చివరిదాకా హెల్పరుగానే మిగిలారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ కోర్సులు చేస్తున్న తమ్ముళ్లూ! సర్టిఫికెట్ చేతికి రాగానే వైర్‌మన్ పర్మిట్టుకు దరఖాస్తు పెట్టండి. పని నేర్చినవాడికి కాగితం కూడా ఉంటే కూలి అనరు, కాంట్రాక్టరుగారు అంటారు.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మూడు పనులు చెయ్యండి. బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఎర్తు జాయింటుకు తుప్పు పట్టిందేమో చూసి వైర్‌మన్‌ను పిలిపించండి. దండెం తీగ తీసేసి నైలాను తాడు కట్టండి. మా ఇంట్లో మూడూ అయ్యాయి. నాన్న ఇప్పటికీ వేసవిలో రెండు బిందెలు పోస్తూనే ఉన్నారు. ఎందుకో ఇప్పుడు ఆయనే మాకు చెబుతున్నారు.